గురువు అంచనా – శిష్యుని ఎదుగుదల

విద్యార్థి ఎంతవరకు నేర్చుకొనగలడో ఉపాధ్యాయుడు మనసులో ముందే ఒక అంచనా వేసుకుంటాడు. ఆ అంచనాకు ప్రతిభ బదులు పేరో, రంగో, యాసో ఆధారమైతే అది పూర్వాభిప్రాయం. దీనికి దురుద్దేశం అక్కరలేదు. ఉత్తమ ఉపాధ్యాయులలోను తెలియకుండానే చోటు చేసుకుంటుంది.

కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో జరిపిన ప్రయోగాన్ని రాబర్ట్ రోసెంథాల్, లెనోర్ జాకబ్‌సన్ 1968లో ప్రకటించారు. కొందరు పిల్లలు త్వరలో రాణిస్తారని పరీక్షలో తేలినట్లు ఉపాధ్యాయులకు చెప్పారు. నిజానికి ఆ పేర్లు చీట్లు తీసినట్లు ఎన్నుకొన్నవే. అయినా ఏడాది చివర, ఒకటి, రెండు తరగతులలో ఆ పిల్లల తెలివితేటల మార్కులు తక్కినవారికంటె ఎక్కువ పెరిగాయి. ఈ ప్రభావం సాధారణంగా స్వల్పమేననీ, చిన్నచూపుకు గురైన వర్గాల పిల్లలపై మాత్రం అధికం కావచ్చుననీ తరువాతి పరిశోధనలు సూచించాయి.

అంచనా ఫలితంగా మారే మార్గాలలో ఒకదానిని మేరీ బడ్ రో 1970 దశకంలో గుర్తించారు. ప్రశ్న వేసి ఉపాధ్యాయులు సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. వెనుకబడినవారని తాము తలచిన పిల్లలకు ఇంకా తక్కువ వ్యవధి ఇస్తున్నారు. మూడు సెకన్లు ఆగినప్పుడు మౌనంగా ఉండేవారు కూడా నోరు విప్పారు.

రెజైనా నగరం 1874 నాటి నాలుగవ ఒడంబడిక భూభాగంలో ఉంది. 1891 నుండి 1910 వరకు ఇక్కడ నడచిన పారిశ్రామిక పాఠశాల ఆదిమ జాతుల పిల్లలను ఇంటికీ, మాతృభాషకూ దూరం చేసింది. అక్కడ పూర్వాభిప్రాయం ఒకరి లోపం కాదు, ప్రభుత్వ విధానం. అదే సస్కాచువాన్ 1974లో కెనడా రాష్ట్రాలన్నిటికంటె ముందు బహుళ సంస్కృతుల చట్టం చేసింది. 2007లో ఒడంబడికల బోధనను తప్పనిసరి చేసింది. తాము చదువుకొనని చరిత్రను అనేక ఉపాధ్యాయులు ముందుగా నేర్చుకొనవలసి వచ్చింది.

ఈ మార్గం తెలుగువారికి కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులు సవర భాషను తాను నేర్చుకొని, సవర పిల్లలకు ఆ భాషలో చదువు చెప్పే పాఠశాలలు నెలకొల్పారు. శిష్యుని భాషకు గురువే శిష్యుడయ్యాడు.

నివారణోపాయాలు సులభమైనవే: పేర్లు కనబడకుండా జవాబులు దిద్దడం, ఎవరిని ఎన్నిసార్లు ప్రశ్నించినదీ లెక్కించుకోవడం, ప్రతి పేరును సరిగా పలకడం. మెప్పుగా కనిపించే అంచనా కూడా హాని చేస్తుంది. భారతీయ బాలునికి గణితం సహజంగా వస్తుందని తలచే తరగతిలో, లెక్క అర్థంకాని తెలుగు బాలుడు సహాయం అడగడానికి సిగ్గుపడతాడు. ఇంట్లో తల్లిదండ్రులదీ అదే అంచనా అయితే వాడు చెప్పుకొనే చోటే ఉండదు. ఇతర జాతుల సహపాఠీలను గురించి ఇంట్లో దొర్లే మాటలను కూడా పిల్లలు బడికి వెంట తీసుకొనిపోతారు.