4కె గేమింగ్: ఉన్న కార్డును ఓవర్‌క్లాక్ చేయాలా, పక్కన ఇంకోటి పెట్టాలా?

మా బాబాయి కొడుకు దగ్గర ఆర్‌టీఎక్స్ 3070 ఉంది. మొన్న ఆఫర్‌లో 4కె మానిటర్ కొన్నాడు. అప్పటిదాకా 1080పీలో హాయిగా నడిచిన గేములు కొత్త స్క్రీన్ మీద 40 ఎఫ్‌పీఎస్ దగ్గర ఈడ్చుకుంటూ నడుస్తున్నాయట. "అన్నా, సీటీసీలో సెకండ్ హ్యాండ్ 3070 ఒకటి దొరుకుతోంది. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ పెట్టి అదీ తీసేసుకోనా? లేకపోతే ఉన్నదాన్నే ఓవర్‌క్లాక్ చేస్తే సరిపోతుందా?" అని ఫోన్ చేశాడు. పాత వీడియోల్లో రెండు కార్డులు పక్కపక్కనే మెరుస్తుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ డబ్బులు చేతులు మారేలోపు ఒక సంగతి తెలియాలి: రెండో 3070 పెడితే వాడు ఆడే గేముల్లో ఒక్క ఎఫ్‌పీఎస్ కూడా పెరగదు.

ముందు అసలు లోటు ఎంతో లెక్కేద్దాం. 1080పీ స్క్రీన్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1440పీలో 36.8 లక్షలు. 4కెలో ఏకంగా 82.9 లక్షలు. అంటే 1080పీతో పోలిస్తే ప్రతి ఫ్రేముకూ నాలుగింతలు గియ్యాలి. ఒక గేమ్ 4కెలో 42 ఎఫ్‌పీఎస్ ఇస్తోందనుకుందాం. దాన్ని 60కి తేవాలంటే 43 శాతం అదనపు శక్తి కావాలి. ఈ 43ని గుర్తుపెట్టుకోండి, ఇక నుంచి ప్రతిదాన్నీ దీంతోనే కొలుద్దాం.

రెండు కార్డుల ఐడియా ఒకప్పుడు నిజంగానే పనిచేసింది. ఎన్‌విడియా 2004లో ఎస్‌ఎల్‌ఐ తెచ్చింది, మరుసటి ఏడాది ఏటీఐ క్రాస్‌ఫైర్‌తో వచ్చింది. ఎక్కువగా వాడిన పద్ధతి సింపుల్: ఒక ఫ్రేము మొదటి కార్డు, తర్వాతిది రెండో కార్డు గియ్యడం. బాగా కుదిరిన గేముల్లో వేగం రెట్టింపుకి దగ్గరగా వెళ్లేది. కుదరనివాటిలో మాత్రం నరకమే. ఒక ఫ్రేము 8 మిల్లీసెకన్లలో, తర్వాతిది 25 మిల్లీసెకన్లలో వచ్చిందనుకోండి. రెండు ఫ్రేములకు 33 మిల్లీసెకన్లు, కాబట్టి కౌంటర్ గర్వంగా 60 అని చూపిస్తుంది. కంటికి మాత్రం 40లా ఉంటుంది. దీన్నే మైక్రో స్టట్టర్ అన్నారు.

దాన్ని చంపింది ఒక రకంగా గేముల పురోగతే. ఇప్పటి గేముల్లో అంచులు నున్నగా చేసే టెక్నిక్‌లు, డీఎల్‌ఎస్‌ఎస్ లాంటి అప్‌స్కేలర్లు అన్నీ ముందు ఫ్రేములోని సమాచారాన్ని వాడుకుంటాయి. ఆ ముందు ఫ్రేము పక్క కార్డులో ఉంటే? ప్రతిసారీ తెప్పించుకోవాలి, ఆగాలి. వంతులవారీ పద్ధతికి అక్కడే కాలం చెల్లింది. డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక రెండు కార్డులను నడిపే భారం గేమ్ తయారుచేసేవాళ్ల మీద పడింది. యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ, షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్ లాంటి కొన్ని మాత్రమే ఆ కష్టం పడ్డాయి. కొద్దిమంది కొనే సెటప్ కోసం అంత పని ఎవరు చేస్తారు? 2021 జనవరి 1 నుంచి ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌కూ, అంతకుముందు కార్డులకూ కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వబోమని ఎన్‌విడియా ముందే ప్రకటించేసింది. 30 సిరీస్‌లో ఎన్‌వీలింక్ కనెక్టర్ ఉన్న గేమింగ్ కార్డులు 3090, 3090 టీఐ మాత్రమే. 3070కి బ్రిడ్జి పెట్టే చోటే లేదు. 40 సిరీస్‌లో 4090కి కూడా తీసేశారు.

చాలామంది మర్చిపోయే ఇంకో విషయం వీడియో మెమరీ. ఎస్‌ఎల్‌ఐ పనిచేసిన రోజుల్లో కూడా 8 జీబీ, 8 జీబీ కలిస్తే 16 అయ్యేది కాదు. రెండు కార్డులూ అవే టెక్స్‌చర్లను విడివిడిగా దాచుకునేవి. 4కెలో ముందు నిండేదే మెమరీ. దాని మీద కరెంటు ఖర్చు: ఒక్కో 3070కి 220 వాట్లు. ఒక్క కార్డుకే 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమని కంపెనీ చెబుతుంది. రెండో కార్డు కోసం అదీ మార్చాలి, బహుశా క్యాబినెట్ కూడా.

ఇక ఓవర్‌క్లాకింగ్. ఇది ఫ్రీ, అదే దీని పెద్ద బలం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో ముందు పవర్ లిమిట్ చివరికి జరపండి. కోర్ క్లాక్‌ను 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ బరువైన గేమ్ ఒకటి అరగంట ఆడండి. 100 దాకా వెళ్తే సంతోషించాలి, అది 5 శాతం మాత్రమే. 4కెలో నేనైతే మెమరీ మీద ఎక్కువ దృష్టి పెడతాను. 3070 మెమరీ 14 జీబీపీఎస్ వేగంతో సెకనుకు 448 జీబీ అందిస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీకి ప్లస్ 500 ఇస్తే 15 జీబీపీఎస్, అంటే 480 జీబీ. 7 శాతం పెరిగినట్టు. స్క్రీన్ మీద చుక్కలు, మెరుపులు కనిపిస్తే వెనక్కి తగ్గండి. 3080 లాంటి జీడీడీఆర్6ఎక్స్ కార్డుల్లో చుక్కలు కూడా రావు. తప్పిన డేటాను మెమరీ మళ్లీ పంపిస్తూ పోతుంది కాబట్టి క్లాక్ పెరిగినా ఎఫ్‌పీఎస్ తగ్గుతుంది. అందుకే క్రాష్ కాలేదు కదా అని వదిలేయకుండా బెంచ్‌మార్క్ స్కోరు చూడాలి.

రెండూ బాగా కలిసొస్తే మన 42 కాస్తా 45 అవుతుంది. కావాల్సింది 60.

పైగా మన ఎండలున్నాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆడుతుంటే, గది ఎంత వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ కార్డు తనంతట తానే క్లాక్ తగ్గించుకుంటుంది. మార్చి దాటాక అండర్‌వోల్టింగ్‌కే నా ఓటు. చిప్ తినే కరెంటు వోల్టేజ్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది (ఇంటర్ ఫిజిక్సే), కాబట్టి వోల్టేజ్ 10 శాతం తగ్గితే ఆ ఖర్చు దాదాపు 19 శాతం తగ్గుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే కర్వ్ వస్తుంది. 900 మిల్లీవోల్టుల దగ్గర 1850 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య మొదలుపెట్టి చూడండి. మీ చిప్ నిలబడకపోతే కొంచెం తగ్గించండి.

మరి 43 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? గీసే పిక్సెళ్లు తగ్గించడం నుంచే. 4కెలో డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్ పెడితే గేమ్ లోపల 1440పీలోనే గీస్తుంది. అంటే 4కె పిక్సెళ్లలో 44 శాతమే. మిగతాది అప్‌స్కేలర్ నింపుతుంది. మానిటర్‌కి కాస్త దూరంగా కూర్చుంటే నాకు తేడా పట్టడం కష్టం. దీంతో చాలా గేముల్లో 60 అందుకోవచ్చు. టెక్స్‌చర్లను అల్ట్రా నుంచి ఒక మెట్టు దించితే 8 జీబీ కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

అదీ చాలకపోతే స్టైపెండ్‌కి 3070 అమ్మిన డబ్బు కలిపి ఒక్క పెద్ద కార్డు తీసుకోమని తమ్ముడికి చెప్పాను. 4070 సూపర్ అదే 220 వాట్లు తింటూ 12 జీబీ ఇస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీ దొరికితే 16 జీబీ, కానీ 300 వాట్లు. ఏది తీసుకున్నా షాపులో 20 నిమిషాలు స్ట్రెస్ టెస్ట్ వేయించి, ఫ్యాన్ చప్పుడు విని తీసుకోండి. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ మైనింగ్ ఆగిపోయాక ఆ కాలపు కార్డులు బోలెడు మార్కెట్‌లోకి వచ్చాయి.

రెండో కార్డుకి ఈరోజుల్లో ఒక్క ఉపయోగం మాత్రం ఉంది. స్టీమ్‌లో దొరికే లాస్‌లెస్ స్కేలింగ్ అనే చిన్న ప్రోగ్రామ్, గేమ్‌ను మెయిన్ కార్డు మీద నడిపి, మధ్యలో కల్పిత ఫ్రేములు తయారుచేసే పనిని రెండో కార్డుకి అప్పగించగలదు. దీనికి ఎస్‌ఎల్‌ఐ అక్కర్లేదు, ఒకే కంపెనీ కార్డులూ అక్కర్లేదు. ఇంట్లో మూలన పడున్న పాత కార్డు ఉంటే సరదాగా ప్రయత్నించొచ్చు, దీనికోసం కొనమని మాత్రం చెప్పను. బటన్ నొక్కితే స్పందన అసలు ఫ్రేముల వేగంతోనే వస్తుంది, వాలరెంట్ ఆడేవాళ్లకి పనికిరాదు. చాలా బీ550 బోర్డుల్లో రెండో స్లాట్ సెకనుకు సుమారు 4 జీబీ దారి మాత్రమే. ఒక 4కె ఫ్రేము దాదాపు 33 ఎంబీ కాబట్టి 60 అసలు ఫ్రేములకు 2 జీబీ, అది పడుతుంది. 120కి దారి నిండిపోతుంది. మానిటర్ కేబుల్ రెండో కార్డుకే పెట్టండి, మెయిన్ కార్డుకి పెడితే తయారైన ఫ్రేములన్నీ మళ్లీ వెనక్కి ప్రయాణం చేయాలి.