సున్నపురాయి శిల్పాలకు పొగ గండం

గాలిలోని ఆమ్లాలతో జిప్సంగా మారుతున్న రాయి
పెచ్చుతో పాటే రాలిపోతున్న శిల్పకళ

అమరావతి: కృష్ణా తీరాన దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం శిల్పులు మలచిన అమరావతి స్తూప ఫలకాలు పల్నాటి సున్నపురాయితో రూపుదిద్దుకున్నవి. శతాబ్దాల పాటు మట్టిలో పూడి ఉన్నా అనేక ఫలకాలపై చెక్కడపు పనితనం చెదరలేదు. వాల్టర్ ఇలియట్ 1845లో వెలికితీయించిన ఫలకాలు 1859 తరువాత లండన్‌కు తరలాయి. వాటిలో కొన్ని అక్కడ ఆరుబయట ఉండిపోయాయి. తేమ, చలి, బొగ్గు పొగ కలిసిన ఆ వాతావరణంలో కొద్ది ఏళ్లకే కొన్నింటి ఉపరితలం పెచ్చులూడింది. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరిన ఈ శిల్పాలను 1992 నుంచి గాలి, తేమలను అదుపులో ఉంచే ప్రత్యేక గదిలో ప్రదర్శిస్తున్నారు.

రాయిలో జరిగే మార్పు

సున్నపురాయిలో ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేట్. ఇది ఆమ్లానికి తట్టుకోలేదు. ఇంట్లో పరచిన నాపరాయిపై నిమ్మరసం పడిన చోట మెరుపు పోవడం అందరికీ తెలిసిందే. నాపరాయి కూడా సున్నపురాయి జాతిదే.

బొగ్గు, డీజిల్ మండినప్పుడు వాటిలోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా వెలువడుతుంది. గాలిలోని తేమతో కలిసి అది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ ఆమ్లం రాతి పైపొరను జిప్సంగా మారుస్తుంది. మూలపదార్థం కంటే జిప్సం దాదాపు రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల పొర ఉబ్బి, పగిలి ఊడిపోతుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లు సైతం ఆమ్లంగా మారి రాతిని తినివేస్తాయి.

వాన తగలని చోటే నల్లని పెచ్చు

జిప్సం నీటిలో కరుగుతుంది. వాన నేరుగా పడే చోట అది కొట్టుకుపోయి రాయి అరిగిపోతుంది. చూరు కింద, చెక్కడపు మడతల్లో మాత్రం మసిని, దుమ్మును పట్టుకుని నల్లని పెచ్చుగా గట్టిపడుతుంది. చూపులకు ఇది కేవలం మురికిలా కనిపించినా, దాని అడుగున రాయి గుల్లబారి ఉంటుంది. పెచ్చు ఊడిన రోజున శిల్పం కన్ను, ముక్కు, శాసనంలోని అక్షరం దానితో పాటే రాలిపోతాయి.

తాజ్‌మహల్ అనుభవం

పాలరాయి సైతం సున్నపురాయి నుంచి రూపాంతరం చెందినదే. ఈ కారణంగానే ఆగ్రా పరిసరాల్లో బొగ్గు వాడే 292 పరిశ్రమలు సహజవాయువుకు మారాలని, లేదా వేరొక చోటికి తరలిపోవాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న ఆదేశించింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ఇంధనంలో గంధకం పరిమితిని పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గించారు.

శుభ్రత పేరుతో చేటు

మసి పట్టిన విగ్రహాన్ని ఆమ్లంతో కడగడం, ఇనుప బ్రష్‌తో రుద్దడం, రంగులు పూయడం రాతికి మరింత హాని చేస్తాయి. గ్రామాల్లోని పాత విగ్రహాలు, శాసనాల విషయంలో ఉత్సవాల ముందు ఈ జాగ్రత్త అవసరం. శుద్ధి పనిని పురావస్తు శాఖ నిపుణులకే విడిచిపెట్టాలి. శిల్పాల చెంత చెత్త తగలబెట్టకుండా, వాహనాలను ఇంజిన్ ఆపకుండా నిలపకుండా చూడటం మాత్రం స్థానికుల చేతిలోని పనే. గాలిని తిరిగి శుభ్రపరచవచ్చు గాని, రాలిపోయిన శిల్పాన్ని తిరిగి తీసుకురాలేము.