పొట్టి సిక్లిడు చేపలు

దక్షిణ అమెరికాలో అమెజాను నదిని జేరు వాగులలో, రాలిన యాకుల నడుమ, అపిస్టోగ్రామా యను పొట్టి సిక్లిడు చేపలు వసించును. వీనిలో పెక్కు జాతులు మూడంగుళములకు మించవు. గాజుతొట్టిలో వీనిని పెంచుటకు సున్నము హెచ్చుగా గల బావినీటికంటె వాననీరు మేలు. కుండపెంకు నొకదానిని బోర్లించి యుంచినచో, ఆడుచేప దాని లోపలి కప్పునకు గ్రుడ్లంటించి, పసుపువన్నె దాల్చి, మగదానిని సైతము దరి జేరనీయక కాచును. తొట్టి చిన్నదైనచో మగదానిని వేరుచేయవలెను. లేకున్న దాని ప్రాణమునకే ముప్పు.

ఇందొక వింత గలదు. పెక్కు జాతులలో పిల్లలు ఆడువగుటయు, మగవగుటయు తొలి వారములలోని నీటి వెచ్చదనమునుబట్టి యుండును. 23 డిగ్రీల సెంటిగ్రేడున ఆడువియు, 29 డిగ్రీలయొద్ద మగవియు హెచ్చు. మన వేసవిలో తొట్టినీరు 30 డిగ్రీలు దాటుట సామాన్యమే గదా! అరుదైన జాతి పిల్లలన్నియు మగవే యైనచో ఆ తొట్టిలో వంశము నిలువదు. కావున గ్రుడ్లు పెట్టించుటకు శీతకాలమే తగినది. అప్పుడు నీటిని 26 డిగ్రీలయొద్ద నిలుపుట కష్టము గాదు.