మునగని ఇసుక కోసం

నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా సాగే కుందూ లోయలో, నల్లరేగడి అడుగున పొరలు పొరలుగా ఊడే ఒక రాయి ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని నంద్యాల షేల్ అంటారు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన నివేదిక నాటి పేరది. షేల్ అనగానే గ్యాస్ గుర్తొచ్చే రోజులు కాబట్టి ముందే చెప్పాలి, ఈ రాతి నుంచి ఎవరూ గ్యాస్ తీయడం లేదు. మన దేశంలో షేల్ గ్యాస్ మొదట కనబడింది 2011 జనవరిలో, దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ తవ్విన బావిలో.

షేల్‌లోని సూక్ష్మరంధ్రాలకు ఒకదాని నుంచి ఒకదానికి దారి దాదాపు ఉండదు. అందుకే లోపలి గ్యాస్ బయటికి రావడానికి రాతిని నీటి ఒత్తిడితో చీలుస్తారు. పంపు ఆపగానే పైనున్న భూమి చీలికను మళ్లీ నొక్కేస్తుంది. అది మూసుకోకుండా లోపల అడ్డంగా నిలిచేది ఉప్మారవ్వంత రేణువు. దాని పేరు ప్రాపెంట్.

1949 మార్చి 17న ఓక్లహోమాలోని డంకన్ సమీపంలో ఈ పద్ధతి వ్యాపారంగా మొదలైనప్పుడు వాడింది మామూలు ఇసుకే. బావుల లోతు పెరిగేకొద్దీ చిక్కు వచ్చింది. ఒత్తిడి సుమారు 6,000 పీఎస్‌ఐ దాటితే ఇసుక నలిగి పొడి అవుతుంది, ఆ పొడే దారికి అడ్డం పడుతుంది. 1970లలో ఎక్సాన్ పరిశోధకుడు క్లాడ్ కుక్ బాక్సైట్‌ను కాల్చి గట్టి గోళీలు చేయించాడు. అవి నలగవు. కానీ నీటికన్నా మూడున్నర రెట్లు బరువు. వాటిని మోయాలంటే నీటిని చిక్కబరచాలి, అందుకు గోరుచిక్కుడు గింజల బంక కలపాలి.

1990ల చివర టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో మిచెల్ ఎనర్జీ ఆ బంకను దాదాపు వదిలేసి పలచని నీళ్లే పంపింది. ఖర్చు తగ్గింది, గ్యాస్ వచ్చింది. కాకపోతే పలచని నీటిలో ఇసుక చీలిక అడుగునే పేరుకుపోయింది, పైభాగం మూసుకుంది.

అప్పుడు అందరి చూపూ బరువు మీద పడింది. ఇసుక సాంద్రత 2.65, నీటిది 1. మునిగే వేగాన్ని నిర్ణయించేది వాటి మధ్య తేడా, అంటే 1.65. రేణువు సాంద్రత 1.05 అయితే ఆ తేడా 0.05కు పడిపోతుంది. అదే సైజు రేణువు, ముతక లెక్కలో, ముప్ఫై మూడు రెట్లు నెమ్మదిగా మునుగుతుంది. 1960లలోనే ప్రయత్నించి, మెత్తబడుతున్నాయని పక్కన పెట్టిన అక్రోటు చిప్పల పొడి మళ్లీ తెరమీదికొచ్చింది. ఈసారి బీజే సర్వీసెస్ అనే కంపెనీ దానికి రెజిన్ పట్టించింది, సాంద్రత 1.25. ఆ తర్వాత వేడికి గట్టిపడే ప్లాస్టిక్ పూసలు 1.05కు దిగాయి. రేణువులు కుప్పపడకుండా విడివిడిగా పరచుకుంటే, మధ్యలో మిగిలే ఖాళీల గుండా గ్యాస్ ఇంకా బాగా పారుతుందన్న లెక్క 1960 నాటి డారిన్, హ్యూయిట్‌లది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా అందమైన ఆలోచన అదే.

అయినా గెలిచింది చవక ఇసుకే. మునిగే వేగం సాంద్రత తేడా మీదే కాదు, వ్యాసం వర్గం మీద కూడా ఆధారపడుతుంది. రేణువు వ్యాసాన్ని సగం చేస్తే వేగం పావు వంతవుతుంది. డ్రిల్లింగ్ కంపెనీలు పూసలు కొనే బదులు సన్న ఇసుకను జల్లించుకుని, పంపుల జోరు పెంచాయి. సన్న ఇసుక వదిలే దారి ఇరుకైనదే, కానీ షేల్ నుంచి గ్యాస్ వచ్చేదే అంత మెల్లగా.