వాహన విద్యుత్తు – పరీక్షా పరికరముల ఎంపిక

విద్యుత్తు కంటికి కనబడదు, చెవికి వినబడదు. పెట్రోలు కారినచో వాసన వచ్చును. బోల్టు వదులైనచో చప్పుడు వచ్చును. తీగ లోపలి లోపము మాత్రము తనంత తాను చోటు చెప్పదు. అందువలన వాహనముల వైరింగు మరమ్మతులో పలుమార్లు పరీక్షకు బదులు ఊహయే రాజ్యమేలుచుండును. గ్రుడ్డివారు ఏనుగును తడిమిన చందమున ఒకరు బ్యాటరీ పోయినదందురు, మరొకరు మోటారు కాలినదందురు. ఆ ఊహకు మూల్యము చెల్లించువాడు వాహన యజమాని.

సెలవు దినములలో మెకానిక్కు షెడ్డులో ఉస్తాదు వద్ద పని నేర్చుకొను విద్యార్థి మిత్రులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: “ఏ మీటరు కొనవలెను?” దీనికి ముందు మరొక ప్రశ్న వేసికొనవలెను: “నేను ఏమి తెలిసికొనదలచితిని?” ప్రతి పరికరమును ఒక ప్రశ్నకు మాత్రమే చక్కగా సమాధానము చెప్పగలదు.

ఒక ఆటోరిక్షా ఉదయముననే స్టార్టు కాలేదనుకొందము. ఆ కుటుంబమునకు ఆ దినపు కూలి ఆగినది. బ్యాటరీని మల్టీమీటరుతో చూడగా 12.6 వోల్టులున్నవి, అనగా పూర్తిగా చార్జియైనది. కావున స్టార్టరు మోటారు చెడినదని తీర్మానించి క్రొత్తది బిగించినారు. ఫలితము శూన్యము. నిజమునకు లోపము తుప్పు పట్టిన ఒక కేబులు కొనలో ఉన్నది. ఆ కొన నిరోధము 0.02 ఓము మాత్రమే. సాధారణ మల్టీమీటరు 200 ఓముల స్కేలులో 0.1 ఓముకు తక్కువైనది చూపలేదు గనుక “కేబులు బాగున్నది” అనిపించును. కాని స్టార్టరు 100 ఆంపియర్లు లాగునపుడు, జర్మను శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన నియమము ప్రకారము, అచ్చట 100 × 0.02 = 2 వోల్టులు నష్టమగును. మోటారు తిరుగుటకు కావలసిన బలము ఆ కొనయందే వేడిగా మారిపోవుచున్నది.

దీనిని కనుగొనుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. అదే మల్టీమీటరును 20 వోల్టుల డి.సి. స్కేలులో ఉంచి, ఒక ప్రోబును బ్యాటరీ ధనధ్రువమునకు, రెండవదానిని స్టార్టరు టెర్మినలునకు ఆనించి, మరియొకరిచే స్టార్టు కొట్టింపవలెను. ఆ తీగలో నష్టమగు వోల్టేజి నేరుగా మీటరుపై కనబడును. అది సుమారు అర వోల్టు దాటినచో తీగనో జాయింటునో అనుమానింపవలెను. ఎర్తు వైపు కూడ ఇట్లే చూడవలెను. పని జరుగుచుండగా పరీక్షించుటయే ఇందలి రహస్యము.

ఇక టెస్టు ల్యాంపు సంగతి. హోల్డరు, 12 వోల్టుల 5 వాట్ల బల్బు, రెండు తీగలు, ఒక క్లిప్పు ఉన్నచో దీనిని మనమే తయారుచేసికొనవచ్చును. ఇది అంకెలు చెప్పదు, కాని సుమారు 0.4 ఆంపియరు ప్రవాహమును లాగును. అదియే దీని గుణము. ఒక జాయింటులో 30 ఓముల నిరోధము ఏర్పడినదనుకొందము. డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధము సాధారణముగా 10 మెగా ఓములు గనుక, అది దాదాపు ఏమియు లాగక, నిండు 12 వోల్టులు చూపి మనలను భ్రమింపజేయును. బల్బునకు మాత్రము సగము వోల్టేజియైనను అందదు. అది మినుకుమినుకుమనుచు లోపమును చెప్పివేయును. ఎల్.ఇ.డి. టెస్టరు లాగునది కొన్ని మిల్లీ ఆంపియర్లే గనుక ఈ పనికి చాలదు.

అయితే ఆ గుణమే వేరొక చోట దోషమగును. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశములో భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలైన పిమ్మట ద్విచక్ర వాహనములలో సైతము ఎలక్ట్రానిక్ కంట్రోలు యూనిట్లు, సెన్సర్లు సర్వసాధారణమైనవి. 5 వోల్టుల సెన్సరు తీగకు టెస్టు ల్యాంపు తగిలించినచో ఆ యూనిట్టు లోపలి భాగములు దెబ్బతినవచ్చును. అచ్చట డిజిటల్ మల్టీమీటరే శరణ్యము. ఎయిర్‌బ్యాగు తీగలను మాత్రము ల్యాంపుతోగాని సాధారణ మీటరుతోగాని ఎన్నడును తాకరాదు. తీగ తొడుగును సూదితో గ్రుచ్చుటయు మంచి అలవాటు కాదు. ఆ రంధ్రమున నీరు చేరి రాగి పచ్చబడును. కనెక్టరు వెనుక నుండి సన్నని పిన్ను చొప్పించి చూచుట మేలు.

క్లాంపు మీటరు కొనువారు ఒక మోసమునకు లోనుగాకుండవలెను. చౌకగా దొరకు క్లాంపు మీటర్లలో అనేకము ఏ.సి. ప్రవాహమును మాత్రమే కొలుచును, వాహనమునందలి డి.సి. ప్రవాహమునకు అవి సున్న చూపును. హాల్ ఫలితముపై పనిచేయు డి.సి. క్లాంపును అడిగి కొనవలెను. మల్టీమీటరులోని 10 ఆంపియర్ల సాకెట్టుతో స్టార్టరు ప్రవాహమును కొలువబోవుట సాహసము. ఎర్ర తీగను ఆ సాకెట్టులోనే మరచి బ్యాటరీకి ఆనించినచో షార్టు సర్క్యూటగును. కావున ఆ సాకెట్టునకు ఫ్యూజు ఉన్న మీటరునే ఎన్నుకొనవలెను.

స్కానరు విషయమున ఒక్క మాట. అది చూపు కోడు ఒక ఫిర్యాదు వంటిది. తీర్పు చెప్పవలసినది మనము. ఆక్సిజన్ సెన్సరు సర్క్యూటులో దోషమని వచ్చినచో సెన్సరే చెడినదని అర్థము కాదు. తీగయో, కనెక్టరో కావచ్చును. విద్యుత్ వాహనములలో నారింజ రంగు తీగలు కనబడినచో, శిక్షణ, రక్షణ తొడుగులు, తగిన రేటింగు గల మీటరు లేనివారు దూరముగా ఉండవలెను. 60 వోల్టులు దాటిన డి.సి. ప్రాణాపాయకరము, విద్యుత్ కార్లలో అనేకమునందు 300 వోల్టులకు పైగా ఉండును.

కావున పరిమితమైన ధనము గల విద్యార్థికి నా సలహా ఇది: మొదట స్వహస్తముతో చేసికొన్న టెస్టు ల్యాంపు, ఫ్యూజు గల మంచి డిజిటల్ మల్టీమీటరు, పిమ్మట సంపాదన నుండి డి.సి. క్లాంపు, చివరకు స్కానరు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఒక హెడ్‌లైటు, తుప్పు పట్టిన ఒక పాత తీగ, ఒక టెస్టు ల్యాంపు, ఒక మల్టీమీటరు ఒకే బల్లపై అమర్చినచో, ఓమ్ నియమము పుస్తకము నుండి దిగివచ్చి విద్యార్థుల చేతులలో నిలుచును. ఆ చేతులు రేపు ఏ పేదవాని ఆటోను బాగుచేసినను, చెడని భాగమునకు అతనిచే వెల కట్టింపవు.