డి విటమిన్ - కండరాల నొప్పి

"కొలెస్టరాల్ బిళ్ళలు మొదలుపెట్టిన నాటినుండి కాళ్ళు లాగుతున్నాయి" అని చెప్పే పెద్దలు అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో మన ఇళ్ళలోనే ఉంటారు. కొందరు వైద్యునికి చెప్పకుండానే ఆ మందు మానివేస్తారు. మరికొందరు డి విటమిన్ వాడితే నొప్పి పోతుందని విని దానిని కొని తెచ్చుకుంటారు. ఈ నమ్మకంలో నిజమెంత?

కొలెస్టరాల్ శరీరానికి అవసరమైన పదార్థమే. దానిలో అధికభాగం శరీరంలోనే, ముఖ్యంగా కాలేయంలో తయారవుతుంది. ఈ తయారీని అడ్డగించే పదార్థాన్ని జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1973లో బియ్యానికి పట్టిన బూజునుండి వేరుచేశారు. స్టాటిన్ అనే మందుల జాతికి అదే మూలం. 1987లో ఈ జాతి మందు అమెరికాలో మొదటిసారి ఆమోదం పొందింది. గుండెపోటు, పక్షవాతాల ముప్పును ఇవి తగ్గిస్తాయి.

డి విటమిన్ కూడా కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమే. చర్మంలో కొలెస్టరాల్‌కు పూర్వరూపమైన పదార్థంపై సూర్యకిరణాలు సోకినప్పుడు డి విటమిన్ పుడుతుంది. ఎండకు కొదవలేని మన నేలపై దీనికి లోటు ఉండదని తలచుట సహజం. కాని తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2008లో ప్రకటించిన అధ్యయనంలో పల్లెవాసులలో సైతం ఈ లోటు విస్తారంగా కనిపించింది. లోటు తీవ్రమైతే ఎముకలు మెత్తబడి, కండరాలు బలహీనపడి నొప్పి పుడుతుంది. అందుచేతనే స్టాటిన్ వాడేవారి నొప్పికీ ఈ లోటుకూ సంబంధం ఉండవచ్చునని వైద్యులు అనుమానించారు.

అనుమానాన్ని పరీక్షకు పెట్టుటే విజ్ఞానశాస్త్ర మార్గం. అమెరికాలో జరిగిన వైటల్ అనే పరిశోధనలో కొందరికి నిత్యం 2000 యూనిట్ల డి విటమిన్, తక్కినవారికి మందులేని బిళ్ళ ఇచ్చారు. ఎవరికి ఏది అందినదో వారికి తెలియదు. వారిలో 2083 మంది తరువాత స్టాటిన్ ప్రారంభించారు. 2022లో ఫలితం వెలువడింది. రెండు వర్గాలలోనూ నూటికి 31 మందికి కండరాల బాధ కలిగింది. నూటికి 13 మంది స్టాటిన్ మానివేశారు. మొదటినుండి డి విటమిన్ బాగా తక్కువగా ఉన్న కొద్దిమందిలోనూ చెప్పుకోదగిన తేడా కానరాలేదు.

అంతమాత్రాన డి విటమిన్ వ్యర్థమని కాదు. లోటు ఉన్నవారి ఎముకలకు అది అవసరం. అయితే స్టాటిన్ నొప్పిని అది నివారించదు. నొప్పి కలిగినవారు తమంతట తాము మందు మానక వైద్యుని కలవాలి. ఆయన రక్తపరీక్ష చేయించి మోతాదు తగ్గించవచ్చు, లేదా మందు మార్చవచ్చు. కండరాలు మిక్కిలి నీరసించినా, మూత్రం ముదురురంగుకు మారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మందుల చీటీ చదవగల విద్యార్థి నేడు ఇంటింటా ఉన్నాడు. తాతగారి నొప్పిని, నాయనమ్మ బాధను ఓపికతో విని ఆ మాటను వైద్యునికి చేర్చగలిగితే, మన చదువుకు అది మంచి ప్రయోజనం.