కొండ ఊరి నుంచి వచ్చిన ఫార్వర్డ్

గోలు కొట్టాలని మనందరికీ ఆశే. అందుకే బైచుంగ్ భూటియా సంగతి రాస్తున్నాను. అతనిది సిక్కింలో టింకీటాం అనే కొండ ఊరు. భూటియాలూ మనలాగే షెడ్యూల్డు తెగవాళ్లు. 9 ఏళ్లకే ఆటల స్కాలర్‌షిప్పు వచ్చి, ఇల్లు విడిచి గ్యాంగ్‌టక్ బడికి వెళ్లాడు. (ఆ వయసులో నేనిక్కడ దుప్పటి కప్పుకొని ఏడ్చేవాణ్ణి.) 1993లో, 16 ఏళ్లకు, చదువు ఆపేసి కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1995లో పంజాబు జేసీటీకి మారాడు. 1996-97 మొదటి జాతీయ లీగులో 14 గోల్స్, అందరికన్నా ఎక్కువ!

మళ్లీ ఈస్ట్ బెంగాల్‌కొచ్చి 1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో మోహన్ బగాన్ మీద ఒక్కడే 3 కొట్టాడు. చూసినవాళ్లు 1,31,000 మంది!

చదువు ఆపడం మాత్రం నాకు నచ్చలేదు. మా నాన్న మొన్న వచ్చి "ఆటా, చదువా?" అనడిగాడు. పదో తరగతి పరీక్షలయ్యాక చెప్తానన్నాను.